ఆపరేషన్‌కు ముందు ఇంటి పెద్దలను ఒక్క మాట అడగండి

నమస్తే అండి. 2013 అక్టోబర్ 30, తెల్లవారుజాము. బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు వోల్వో బస్సు మన ఉమ్మడి పాలమూరు జిల్లాలో, పాలెం ఊరి దగ్గర కల్వర్టును గుద్దుకుని తగలబడింది. 45 మంది చనిపోయారు. ఎవరి బిడ్డ ఎవరో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేని పరిస్థితి. చివరికి డీఎన్ఏ పరీక్షలు చేసి, ఇంటివాళ్ల రక్తంతో పోల్చి అప్పగించారు.

డీఎన్ఏ అనగానే మనకు ఇలాంటివే గుర్తొస్తాయి. పోలీసులు, కోర్టు, తండ్రెవరనే తగాదా. నిజానికి ఆ పరీక్షలో చూసేది చాలా తక్కువ. మన డీఎన్ఏలో 300 కోట్ల అక్షరాలు ఉన్నాయనుకుంటే, అందులో ఓ ఇరవై చోట్ల ఒక చిన్న ముక్క ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ వచ్చిందో లెక్కపెడతారు. ప్రతి చోటా ఒక లెక్క అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి వస్తుంది. దాంతో మనిషెవరో తేలుతుంది. షుగర్ వస్తుందా, గుండె ఎట్లా ఉంది అంటే మాత్రం అది ఏమీ చెప్పదు.

వైద్యానికి పనికొచ్చే జన్యు వివరాలు వేరు. ఈ రోజు ముఖ్యంగా వాటిలో ఒకదాని గురించే మాట్లాడతాను.

ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ గొంతులోకి గొట్టం వేయాలంటే కండరాలు వదులవ్వాలి. అందుకు స్కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. క్షణాల్లో పనిచేస్తుంది, మామూలుగా ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. అర్జెంటు సిజేరియన్ లాంటి వాటిలో దీని అవసరం ఎక్కువ. దీన్ని ఒంట్లో విరగ్గొట్టేది మన కాలేయం తయారుచేసే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. కొందరికి అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు కాపీల్లోనూ ఈ ఎంజైమ్‌ను తయారుచేయించే జీన్ దెబ్బతిని ఉంటుంది. వాళ్లకు మందు గంటల తరబడి దిగదు. ఊపిరి కూడా కండరాలతోనే కదా తీసుకునేది! వెంటిలేటర్ మీద పెట్టి, దానంతట అది దిగేదాకా ఆగాలి. డాక్టర్‌కు ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, కథ అక్కడితో అయిపోతుంది. తెలియకపోతే బయట కూర్చున్న ఇంటివాళ్ల టెన్షన్ మీరే ఊహించుకోండి.

ఈ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్లకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల బజార్లలో వాళ్లు లేని వీధి ఉండదు కాబట్టి ఇక్కడ ఈ మాట గట్టిగా చెప్పాలి. ఇది రోగం కాదు. ఆ ఇంజెక్షన్ తగలనంత కాలం మనిషి నిక్షేపంగా ఉంటాడు. అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒక్క కులం మీద వేలు పెట్టి చూపిస్తున్నానని అనుకోకండి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల డీఎన్ఏను పరిశీలించాయి. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినవి వాటిలో చాలా ఉన్నాయి. 81 సమూహాల్లో ఈ ప్రభావం, ఇలాంటి జన్యు జబ్బులకు ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే ఫిన్లాండ్ వాళ్లకంటే కూడా ఎక్కువ. వైశ్యుల్లో ఆ జీన్ దొరికింది, మిగతావాళ్లలో వెతకాల్సింది ఇంకా చాలా ఉంది. అంతే తేడా.

దీనికి మేనరికం కలిస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే పిల్లల జీన్లలో సగటున ఎనిమిదో వంతు రెండు వైపులా ఒకే పూర్వీకుడి కాపీలు అవుతాయి. బావామరదళ్లయితే పదహారో వంతు. దాగి ఉన్న లోపం బయటపడేది అలాగే.

ఇంకో సంగతి. పొలంలో పురుగుల మందు ఒంట్లోకి పోయి ఆసుపత్రికి వస్తే కొలిచేది కూడా ఈ కోలినెస్టరేజ్‌నే. పుట్టుకతోనే అది తక్కువ ఉన్నవాళ్ల రిపోర్టు చూసి విషం బాగా ఎక్కిందని పొరబడే వీలుంది.

గుండె రక్తనాళంలో స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్రదీ ఇలాంటి కథే. కాలేయంలో ఒక జీన్ మందకొడిగా ఉంటే ఆ మాత్ర సరిగ్గా పనిచేయదు. వేరే మాత్రలు ఉన్నాయి, కార్డియాలజిస్టును అడగొచ్చు.

మరి అందరూ వేలు పోసి మొత్తం జీనోమ్, అంటే డీఎన్ఏ అంతా చదివే పరీక్ష, చేయించుకోవాలా? నా మట్టుకు అక్కర్లేదు. మీ బాబుకు క్రికెట్ నప్పుతుందా, కబడ్డీ నప్పుతుందా అని ఉమ్మి చూసి చెప్పే ప్యాకేజీలైతే డబ్బు దండగ. రక్తహీనత తెచ్చే తలసీమియా జబ్బు జీన్ మోస్తున్నారా అనేది చాలావరకు సీబీసీ, హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్షలతోనే తెలుస్తుంది. భార్యాభర్తలిద్దరూ మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. కోలినెస్టరేజ్‌కూ మామూలు రక్త పరీక్షే మొదటి మెట్టు.

అంతకంటే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. ఆపరేషన్ అనుకున్నప్పుడు అమ్మమ్మను, పెద్దనాన్నను అడగండి: మనింట్లో ఎవరైనా ఆపరేషన్ అయ్యాక ఊపిరి అందక చాలాసేపు మిషన్ మీద ఉన్నారా? ఉన్నారంటే మత్తు డాక్టర్‌కు ఆ మాట నోటితో చెప్పండి, ఫైల్‌లో రాయించండి. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా చెప్పండి, వాళ్లకూ ఉండొచ్చు. జన్యు పరీక్ష నిజంగా అవసరమైతే పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జ్ కాగితాలు పట్టుకెళ్లండి. పెళ్లి మేనరికమా అని అడిగితే మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.