పాత వా పెడల్ బైపాస్ స్విచ్: ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

సభకు నమస్కారం.

వా పెడల్ అంటే పాదంతో ఊపుతూ గిటారు ధ్వనిని ‘వా వా’ అనిపించే పరికరం. పాత వా పెడల్ వాడే గిటారిస్టులు తరచుగా చెప్పే ఫిర్యాదు ఒకటుంది. పెడల్ ఆపి ఉంచినా, దాని గుండా వచ్చే గిటారు ధ్వనిలో పదును తగ్గుతుంది. గిటారును నేరుగా యాంప్లిఫయరుకు తగిలిస్తే ఆ పదును మళ్ళీ వినిపిస్తుంది. ఇది చెవి భ్రమ కాదు. దానికి కారణం పెడల్ లోపలి బైపాస్ స్విచ్‌లోనే, అంటే ధ్వనిని వా సర్క్యూట్ గుండా పంపాలా, పక్కదారిలో పంపాలా అని మార్చే స్విచ్‌లోనే ఉంది.

1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు చేసిన పని నుంచి వాక్స్ వా, క్రై బేబీ పెడళ్ళు పుట్టాయి. రెండు ట్రాన్సిస్టర్లు, ఒక ఇండక్టర్, పాదం కదలికతో తిరిగే ఒక పొటెన్షియోమీటర్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు: అంతటి చిన్న సర్క్యూట్ అది. రబ్బరు కాళ్ళ మరలు విప్పి అడుగు పలక తీస్తే, పాదం ముందు భాగం కింద మూడు కాళ్ళున్న స్విచ్ కనబడుతుంది. యాంప్లిఫయరుకు వెళ్ళే తీగను సర్క్యూట్ చివరకు కలపాలా, గిటారు నుంచి వచ్చే తీగకు కలపాలా అన్నది మాత్రమే ఆ స్విచ్ నిర్ణయిస్తుంది. సర్క్యూట్ మొదలు మాత్రం ఎప్పుడూ గిటారుకు అంటుకునే ఉంటుంది. పెడల్ ఆపినా అది విడివడదు.

దీనివల్ల నష్టమెంతో తెలియాలంటే, గిటారు తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పికప్ స్వభావం చూడాలి. వేల చుట్ల సన్నని రాగి తీగతో చేసిన పికప్‌కు సుమారు రెండు నుంచి నాలుగు హెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. అది కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి, సాధారణంగా మూడు నుంచి ఐదు కిలోహెర్ట్జ్ మధ్య ఒక శిఖరాన్ని, అంటే సిగ్నల్ అన్నిటికన్నా బలంగా ఉండే చోటును ఏర్పరుస్తుంది. మనం పదును అనుకునేదంతా దాదాపు ఆ శిఖరమే. యాంప్లిఫయరు ఇన్‌పుట్ పది లక్షల ఓముల దగ్గర ఉంటుంది కాబట్టి శిఖరాన్ని పెద్దగా అణచదు. పాత వా సర్క్యూట్‌లోనైతే సిగ్నల్‌కు మొదట్లోనే ఎదురయ్యేది 68 కిలోఓముల రెసిస్టర్, దాని వెనుక ట్రాన్సిస్టర్. ఆ భారం పికప్ మీద పడగానే శిఖరం కుంగిపోతుంది.

మార్పు సూటిగానే ఉంటుంది. మూడు కాళ్ళ స్విచ్ స్థానంలో ఆరు కాళ్ళది, అంటే రెండు స్విచ్‌లు ఒకే మీటతో కదిలే డబుల్ పోల్ స్విచ్ పెట్టాలి. ఒక వరుస మధ్య కాలికి గిటారు జాక్ నుంచి వచ్చే తీగను, రెండో వరుస మధ్య కాలికి యాంప్లిఫయరు జాక్‌కు పోయే తీగను సోల్డర్ చేస్తాం. ఒక వైపు కాళ్ళకు సర్క్యూట్ మొదలు, చివర వస్తాయి. మరో వైపు కాళ్ళు రెంటినీ చిన్న తీగతో కలిపేస్తాం. ఇప్పుడు పెడల్ ఆపితే సర్క్యూట్ రెండు వైపులా విడిపోతుంది. దీన్నే ట్రూ బైపాస్ అంటున్నాం. అయితే విడిపోయిన ఇన్‌పుట్ కెపాసిటర్ బయటి కొస మీద, స్వల్ప లీకేజీ వల్ల వోల్టేజీ చేరి, తొక్కినప్పుడల్లా స్పీకరులో టప్పుమనే శబ్దం రావచ్చు. సర్క్యూట్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు పది లక్షల ఓముల రెసిస్టర్ ఒకటి వేస్తే అది తగ్గుతుంది.

ఇంతటితో సమస్య తీరినట్టే అనుకోవడం నాకు అంగీకారం కాదు. సాధారణ కేబుల్‌కు మీటరుకు సుమారు వంద పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. గిటారు నుంచి పెడల్‌కు ఆరు మీటర్లు, అక్కడి నుంచి యాంప్లిఫయరుకు మరో ఆరు మీటర్లు వేస్తే, ట్రూ బైపాస్‌లో పికప్ మోయవలసింది పన్నెండు మీటర్ల కేబుల్. రెండున్నర హెన్రీల పికప్‌కు ఆరు మీటర్లతో 4.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండే శిఖరం, పన్నెండు మీటర్లతో 2.9 దగ్గరికి దిగిపోతుంది. అందుకే వేదికల మీద పొడవైన కేబుళ్ళతో వాయించేవారికి పెడళ్ళ వరుసలో ఎక్కడో ఒక మంచి బఫర్, అంటే కేబుల్ భారం పికప్ మీద పడకుండా తానే మోసే చిన్న సర్క్యూట్, ఉండాలని గట్టిగా చెబుతాను. జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్ ఫేస్ అనే, ధ్వనిని గరుకుగా మార్చే పెడల్ ముందు మాత్రం బఫర్ పెట్టకూడదు, ఎందుకంటే గిటారు వాల్యూమ్ తగ్గించినప్పుడు ధ్వని తేటపడే దాని గుణం పికప్ నేరుగా తగలడం మీదే ఆధారపడుతుంది.

ఇక పాత వస్తువు మీద చేయి వేసే విషయం. ఎల్ఈడీ పెట్టడానికి ఆ లోహపు బాడీకి రంధ్రం చేయమని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను. ఆ రంధ్రం మళ్ళీ పూడదు. పాత స్విచ్‌ను మాత్రం ఎప్పుడైనా తిరిగి పెట్టుకోవచ్చు, కనుక దాన్ని ఒక సంచిలో వేసి, ఏ తీగ ఏ కాలికి ఉండేదో కాగితం మీద గీసి, పెడల్‌తోనే యజమానికి ఇవ్వాలి. పాత తీగలను పొట్టిగా కత్తిరించకుండా సోల్డర్ కరిగించి విడదీయాలి. వాటి ప్లాస్టిక్ తొడుగు కొద్దిపాటి వేడికే ముడుచుకుపోతుంది కాబట్టి, సోల్డరింగ్ ఐరన్‌ను ఒక్కో కాలి మీద రెండు మూడు క్షణాలకు మించి ఆనించకూడదు.

చివరగా కొత్త స్విచ్ ఎత్తు సరిచూడాలి. స్విచ్‌ను మరీ పైకి బిగిస్తే పాదం ముందుకు వంచిన ప్రతిసారీ స్విచ్ మారిపోతుంది. మరీ కిందికి బిగిస్తే ఎంత తొక్కినా మారదు. రబ్బరు ముక్క స్విచ్‌ను తాకే చోట, పాదాన్ని పూర్తిగా వంచి ఇంకొంచెం బరువు వేస్తే తప్ప టక్కుమనకుండా ఉండేలా, నట్టును కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించాలి.