కొట్టంలో పలక

(ఇంటి పక్కనే పశువులను పెట్టుకుని బతికే చిన్న కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సభకు పదింటికి రమ్మన్నారు. అందుకని ఇవాళ నేను మూడున్నరకే లేచాను. దూరం ఎక్కువై కాదు, మా ఎర్రావు వల్ల. రోజూ ఐదింటికి పితుకుతాను దాన్ని. ఇవాళ గంట ముందే బకెట్టు పట్టుకుని వెళ్తే, తల తిప్పి నన్ను ఎగాదిగా చూసింది. పొదుగు కడిగాను, తుడిచాను, నాలుగు చన్నుల నుంచీ మొదటి ధారలు తీసి గిన్నెలో చూశాను. చేపలేదు, అంటే పాలు దించలేదు. చివరికి దూడను వదిలితే, అది నాలుగు గుద్దులు గుద్దాక అప్పుడు చేపింది.

"నువ్వు వెళ్ళు, నేను పితుకుతాలే" అని రాత్రే అన్నారు మా ఆయన. ఆయన కూర్చుంటే ఎగచేపుతుంది. ఆయన చెయ్యి మంచిదే, గొంతే కాస్త పెద్దది. ఆవు పాలు దాచుకుంటుందని పెద్దవాళ్ళు అంటుంటే నేను నవ్వేదాన్ని. తర్వాత తెలిసింది, దాంట్లో నిజముందని. పాలన్నీ చన్నుల్లోకి దిగి మనకోసం ఎదురుచూస్తూ ఉండవు. అలా ముందుగా దిగి ఉండేది సుమారు ఐదో వంతు. మిగతాదంతా పొదుగులో కంటికి కనపడనంత చిన్న తిత్తుల్లో ఉంటుంది. అది దిగాలంటే ఆవు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి రావాలి. పొదుగు కడగడం మొదలుపెట్టిన ఒక నిమిషానికి అది అందుకుంటుంది, 5 నుంచి 8 నిమిషాలు పనిచేస్తుంది. ఆలోపు పితికేయాలి. మధ్యలో ఆవు బెదిరిందా, అడ్రినలిన్ వచ్చి ఆ దారి మూసేస్తుంది. కుక్క మొరిగినా, బకెట్టు దొర్లినా, మొగుడూ పెళ్ళాలు వాదించుకున్నా దానికి ఒకటే.

అందుకని మా ఇంట్లో ఐదు నుంచి ఐదున్నర దాకా ఎవరూ గొంతెత్తరు. ఏ తగువైనా పాలు పితికాకే. పితికాక పాలు వడకట్టాలి, దూడను కట్టాలి, పిల్లల్ని లేపాలి, ఈలోగా సగం తగువులు మేమే మర్చిపోతాం. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. అందులో ఎర్రావు వాటా ఎంతో చెప్పలేను.

పితకడం అవగానే మేత వేసే పని మా చిన్నాడిది. స్కూలుకు తయారయ్యే హడావిడిలో వాడికి అది అన్యాయంలా అనిపిస్తుంది. "కాసేపాగి వేస్తే ఏమవుతుందమ్మా?" అని అడిగాడు ఒకసారి. పితికాక చన్ను చివరి రంధ్రం మూసుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఆలోపు ఆవు పేడలో పడుకుంటే ఆ రంధ్రంలోంచి సూక్ష్మజీవులు ఎక్కి పొదుగువాపు వస్తుంది. ముందు మేత ఉంటే నిలబడి తింటుంది. ఈ మాట చెప్పాక వాడు సణగడం మానలేదు కానీ, ఆలస్యం చేయడం మానాడు. పిల్లలకు పని చెప్పేటప్పుడు కారణం కూడా చెప్పాలని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

మాకున్నవి రెండు ఆవులు, ఒక పెయ్య, ఎర్రావు దూడ, ఆరు మేకలు, ఇరవై చిల్లర కోళ్ళు, ఒక కుక్క. మనుషులం ఐదుగురం. చాలామంది నన్ను అడిగేది మేత గురించి: ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి అని. ఆ లెక్క పశువుల డాక్టరు పది నిమిషాల్లో చెప్తాడు. నేను వచ్చింది వేరే సంగతి చెప్పడానికి.

మా అత్తయ్య పొద్దున్నే కొట్టం దగ్గరికి వెళ్ళి, గుంజకు ఆనుకుని ఊరికే నిలబడతారు. ఐదు నిమిషాలు. దేన్నీ ముట్టుకోరు, పిలవరు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, ఇంత పని పెట్టుకుని ఈవిడ నిలబడి ఏం చూస్తున్నారా అని లోపల విసుక్కునేదాన్ని. ఆవిడ చూసేది ఎవరు లేచారు, ఎవరు లేవలేదు అని. ఎవరు నెమరు వేస్తున్నారు, ఎవరు ఊరికే పడుకున్నారు అని. రాత్రి పేడ గట్టిగా ఉందా, జారుగా ఉందా, చెవులు వేలాడుతున్నాయా, ముట్టె తడిగా ఉందా, పొడిబారిందా అని.

నెమరు సంగతి ఒక్కటే తీసుకుందాం. ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజు మొత్తం మీద దాదాపు 8 గంటలు నెమరు వేస్తుంది. ఒక్కో ముద్దను 50, 60 సార్లు నములుతుంది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి ఉంచితే లోపల పెద్ద పొట్ట కదలడం చేతికి తెలుస్తుంది, నిమిషానికి ఒకటి రెండు సార్లు. అది ఆగిందంటే మిగతా లక్షణాలు బయటపడకముందే మనం ఫోను తీయాలి. థర్మామీటరు తర్వాతి మాట. ఆవుకు 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. మన లెక్కన జ్వరం అనుకుని కంగారుపడ్డవాళ్ళని చూశాను. మేకకు ఇంకో డిగ్రీ ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు పలక సంగతి చెప్తాను. చెప్పడం నాకు అంత ఇష్టం లేదు, కానీ చెప్పకపోతే మిగతాదంతా గొప్పలు చెప్పుకున్నట్టే.

నాలుగేళ్ళ కిందట మాకొక మేక ఉండేది, తెల్ల మచ్చలది. ఈని మూడు వారాలు, కవల పిల్లలు. పాలిచ్చే తల్లి కదా అని దానికి కొత్తగా గింజలు పెట్టడం మొదలుపెట్టాం, సాయంత్రం ఒక చిన్న గిన్నెడు. ఆ రోజు అత్తయ్య పెద్ద గిన్నెతో వేశారు, పిల్లలతల్లి అని జాలిపడి. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, ఇంకా ఎవరూ వేయలేదనుకుని వేసింది. చీకటి పడ్డాక మా ఆయన వచ్చి, మేక అరుస్తోందని ఆయనా వేశారు. మేక ఎప్పుడు అరవదు చెప్పండి? కడుపు నిండినా అరుస్తుంది. నేను ఆ రోజు ఇంట్లో లేను. ఉంటే నేనూ వేసేదాన్నేమో.

తెల్లారేసరికి అది గోడకు తల ఆనించి నిలబడి ఉంది. పళ్ళు నూరుతోంది. పిల్లలు వచ్చి పొదుగు పొడుస్తుంటే కదల్లేదు. ఎడమ డొక్క నొక్కితే నీళ్ళ తిత్తిని నొక్కినట్టు ఉంది. గడ్డి తినే జంతువు కడుపులో గడ్డిని కుళ్ళబెట్టి జీర్ణం చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి అలవాటు లేని గింజలు ఒక్కసారిగా పడితే, ఆమ్లం పుట్టించే రకాలు విజృంభిస్తాయి. పొట్ట పులిసిపోతుంది, ఒంట్లోని నీరంతా అక్కడికి లాగుతుంది, ఆ ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. డాక్టరు వచ్చి చేయాల్సిందంతా చేశారు. రాత్రికి పోయింది.

ఆ రాత్రి ముగ్గురూ ఎవరికి వారు 'నేనే చంపాను' అనుకున్నారు. పైకి మాత్రం ముగ్గురూ "నువ్వెందుకు వేశావు?" అని ఇంకొకరిని అడిగారు. అప్పుడు మా అమ్మాయికి పదేళ్ళు. ఏమీ మాట్లాడకుండా వెళ్ళి, తన పాత పలకకు కన్నం పెట్టించి, తాడు కట్టి, కొట్టంలో మధ్య గుంజకు వేలాడదీసింది. పక్కనే ఒక డబ్బాలో బలపాలు.

అప్పటి నుంచి ఎవరు ఏం వేసినా పలక మీద రాయాలి. అత్తయ్యకు అక్షరాలు రావు. ఆవిడ గుర్తులు పెట్టుకున్నారు. నిలువు గీత మేత, సున్నా నీళ్ళు, సున్నాలో చుక్క గింజలు. ఇప్పుడు మేమంతా అవే గుర్తులు వాడుతున్నాం. మా అమ్మాయి రాతకన్నా తొందరగా అర్థమవుతాయి, బలపమూ తక్కువ అరుగుతుంది. రాత్రి తుడిచేముందు ముఖ్యమైనవి నేను నోటుబుక్కులో ఎక్కిస్తాను.

ఒక ఏడాది గడిచాక ఆ నోటుబుక్కు మాకే ఆశ్చర్యం కలిగించింది. ఆవు ఎదకు వచ్చేది 21 రోజులకోసారి, ఉండేది 12 నుంచి 18 గంటలు. అదీ ఎక్కువసార్లు రాత్రిపూట మొదలవుతుంది. తప్పిపోతే ఇంకో మూడు వారాలు ఆగాలి. రెండో ఆవు ఎదకే రావడం లేదని మేం అనుకుంటుంటే, అత్తయ్య గీసిన ఒక వంకర గుర్తు సరిగ్గా 21 రోజుల తేడాతో మూడుసార్లు ఉంది. "ఇదేంటత్తయ్యా?" అంటే, "ఆ రోజు నీళ్ళు సరిగా తాగలేదే, ఊరికే అటూ ఇటూ తిరిగింది" అన్నారు. అంతే. ఆ తర్వాతి 21వ రోజు కాపు కాశాం. పెయ్యను చూశారుగా, అదే. సారీ, మీరెలా చూస్తారు, అది మా కొట్టంలో ఉంది.

పలక మీద ఇంకా చాలా వస్తాయి. 'నాన్న గూడు తలుపు వేయలేదు' అని ఒకరోజు. 'వేశాను' అని కింద. 'పిల్లి వేసిందా?' అని దాని కింద. నేను వీటిని తుడవను.

కోళ్ళ సంగతి చెప్పమని ముందు వరుసలో అమ్మ ఇందాకే అడిగారు. గుడ్లు ఎందుకు తగ్గాయంటే నేను చెప్పగలిగేది ఒక్కటే: ముందు మేత కాదు, వెలుతురు చూడండి. పగటి వెలుతురు 14 గంటలకన్నా తగ్గుతూ పోతుంటే చాలా కోళ్ళు గుడ్లు పెట్టడం తగ్గిస్తాయి. ఈకలు రాలుస్తున్న కోడి గుడ్డు పెట్టదు, ఆ మాంసకృత్తులన్నీ కొత్త ఈకలకు పోతాయి. ఒక గుడ్డు తయారుకావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందులో 20 గంటలు పెంకుకే. కాబట్టి రోజుకో గుడ్డు కూడా దానికి గొప్పే.

పొదిగిన కోడి సంగతి వేరు. పోయిన పొదుగుకు పదకొండు గుడ్లు పెట్టాం. ఏడో రోజు రాత్రి నేనూ చిన్నాడూ టార్చి పట్టుకుని వెళ్ళాం. కోడి కింద చెయ్యి పెడితే వెచ్చగా, కొంచెం తడిగా ఉంటుంది. అది గొణుగుతుంది కానీ లేవదు. ఒక్కో గుడ్డూ తీసి, టార్చి మూతి మీద నిలబెట్టి, చుట్టూ వేళ్ళు మూశాం. మొదటిది దీపంలా ఖాళీగా వెలిగింది, ఏమీ లేదు. రెండోదాంట్లో సాలెగూడు ఉంది, ఎర్రటి నరాల సాలెగూడు. మధ్యలో నల్లటి చుక్క. ఆ చుక్క కదిలింది. మావాడు ఊపిరి బిగబట్టి, "అమ్మా, అది నన్ను చూసింది" అన్నాడు. చూడలేదు, అది కన్నే కానీ అప్పటికి చూపు ఉండదు. ఆ మాట మాత్రం వాడికి చెప్పలేదు.

21వ రోజుకు ఎనిమిది పిల్లలయ్యాయి. మొదటి రెండు రోజులు అవి ఏమీ తినట్లేదని వాడు గింజలు నూరి అరచేతిలో పెట్టుకుని గంప దగ్గర కూర్చున్నాడు. పొట్టలోకి లాక్కున్న పచ్చసొన వాటికి రెండు రోజులకు సరిపోతుంది, అందుకే తల్లి కూడా మిగతా గుడ్ల మీద నిశ్చింతగా కూర్చోగలుగుతుంది. వాడు వినలేదు. కూర్చోనిచ్చాను.

పేర్లు పెట్టాలా వద్దా అని కూడా అడుగుతారు. అమ్మేసేదానికి పేరెందుకని. మా అమ్మాయి ఒక మేకపిల్లను అమ్మినప్పుడు మూడు రోజులు మాతో మాట్లాడలేదు. అయినా నేను పెట్టనిస్తాను. పేరున్న జంతువు కుంటితే పిల్లలు పరిగెత్తుకొచ్చి చెప్తారు. పేరు లేనిది కుంటితే వాళ్ళ కంట పడదు. ఒక్కటే నియమం: ఎక్కడికి వెళ్ళిందని అడిగితే అబద్ధం చెప్పం.

ఈనే రాత్రుల గురించి ఎంతైనా చెప్పొచ్చు, టైము లేదు. రెండే మాటలు. జున్నుపాలు దూడకు మొదటి ఆరు గంటల్లోనే కడుపు నిండా పట్టించండి. తల్లి కడుపులో ఉండగా దూడకు రోగనిరోధక శక్తి అందదు. జున్నుపాలతోనే అందాలి. దాని పేగులు ఆ రక్షణను లోపలికి రానిచ్చేది ఒక్క రోజే, అదీ గంట గంటకూ తగ్గుతూ పోతుంది. మాయ పడలేదని చేత్తో లాగకండి. 12 గంటలు దాటితే డాక్టరును పిలవండి.

ఇంటిల్లిపాదీ కలిసి ఊరెళ్ళి మేం తొమ్మిదేళ్ళయింది. దగ్గరివాళ్ళ పెళ్ళికైనా సగం మందిమే వెళ్తాం, మిగతా సగం ఫొటోలు చూస్తాం. అది కష్టం కాదని నేను చెప్పను. ఈ వేదిక మీద నవ్వుతూ మాట్లాడుతున్నా కానీ, ఒక్కోసారి అన్నీ అమ్మేసి పడుకుందామనిపిస్తుంది. మోకాళ్ళు పట్టేసిన రోజున మరీ.

ప్రశ్నలుంటే అడగండి. కాకపోతే తొందరగా అడగండి, ఇందాక మీరు చప్పట్లు కొడుతున్నప్పుడు ఫోను మోగింది. మా చిన్నాడు పలక ఫొటో తీసి పంపించాడు. ఎర్రావు పేరు పక్కన రెండు నిలువు గీతలు, ఒక సున్నా ఉన్నాయి. దాని పక్కన అత్తయ్య గీసిన వంకర గుర్తు. కింద వాడి రాత: 'నానమ్మ నిన్ను సాయంత్రం లోపు రమ్మంటోంది.'