ఆర్డర్ కాగితంలో పుట్టిన కారు: అమెరికన్ మజిల్ కారు ఆకర్షణ, దాని విలువ

దృశ్యం: తెల్లవారుజాము. షెడ్డు తలుపు పైకి లేస్తుంది. లోపల 1960ల నాటి రెండు తలుపుల కారు.

వ్యాఖ్యానం:
రాత్రంతా చలిలో ఉన్న పాత వీ8 ఇంజన్‌ను, అంటే రెండు వరుసల్లో ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్‌ను, లేపడానికి ఒక పద్ధతి ఉంది. తాళం తిప్పే ముందు యాక్సిలరేటర్‌ను ఒకటి రెండు సార్లు అడుగుదాకా తొక్కాలి. అప్పుడు కార్బ్యురేటర్ కాస్త పెట్రోలును లోపలికి చిమ్ముతుంది, చోక్ మూసుకుంటుంది. తాళం తిప్పగానే స్టార్టర్ మోటారు కొద్ది క్షణాలు మూలుగుతుంది, ఆ వెంటనే ఇంజన్ గుప్పున అందుకుంటుంది. ఇప్పుడు బండి నిలబడి ఉండగానే యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తొక్కి వదిలితే, కారు మొత్తం ఒక పక్కకు ఒరిగి మళ్ళీ సర్దుకుంటుంది. ఇంజన్‌ను కారు పొడవునా అమర్చారు కాబట్టి, లోపల తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, ఒక వైపు విసురుగా తిరగబోతే దాన్ని మోస్తున్న బాడీ రెండో వైపు మెలిపడుతుంది. అడుగు కూడా ముందుకు కదలకుండానే ఇంజన్ బలం కూర్చున్నవాడి నడుముకు తెలిసిపోతుంది.

దృశ్యం: 1964 నాటి పాంటియాక్ జీటీఓ, నెమ్మదిగా చుట్టూ తిరుగుతున్న కెమెరా.

వ్యాఖ్యానం:
పెద్ద చప్పుడు చేసే ప్రతి అమెరికన్ కారునూ మజిల్ కారు అనడం మనలో చాలామందికి అలవాటు. అసలు అర్థం అంతకంటే ఇరుకైనది. మధ్యతరగతి కుటుంబాల కోసం తయారైన మామూలు రెండు తలుపుల కారులో, అదే కంపెనీ తన పెద్ద కార్ల కోసం తయారుచేసిన వీ8 ఇంజన్‌ను కూర్చి, ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాడు వాయిదాల మీద కొనుక్కోగల ధరకు అమ్మితే, దాన్ని మజిల్ కారు అనేవారు. ఈ లెక్కన షెవ్రొలే కార్వెట్ స్పోర్ట్స్ కారు అవుతుందే తప్ప మజిల్ కారు కాదు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ ఆవిష్కరించిన మస్టాంగ్‌ను కూడా, గట్టిగా మాట్లాడితే, ‘పోనీ కారు’, అంటే చిన్నపాటి స్పోర్టీ కారు అనాలి. అయితే పెద్ద ఇంజన్లు వేసుకున్న మస్టాంగ్‌లను ఈ కుటుంబంలోంచి వెళ్ళగొట్టేంత పట్టుదల నాకు లేదు.

ఈ జాతి పుట్టుకలో కొంచెం గడుసుతనం ఉంది. 1963 మొదట్లో జనరల్ మోటర్స్ యాజమాన్యం తన విభాగాలు రేసుల జోలికి పోరాదని ఆదేశించింది. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టరాదన్న నియమం కూడా ఆ సంస్థలో ఉండేది. అప్పుడు పాంటియాక్ విభాగానికి ముఖ్య ఇంజనీరుగా ఉన్న జాన్ డెలోరియన్, ఆయన బృందంలోని ఇంజనీర్లు ఆ నియమాన్ని జాగ్రత్తగా చదివారు. కొత్త మోడల్ విడుదల చేయాలంటే పైవారి అనుమతి కావాలి, ఉన్న మోడల్‌కు ఒక ఆప్షన్ చేర్చాలంటే అక్కర్లేదు. అందువల్ల 389 క్యూబిక్ అంగుళాల, అంటే 6.4 లీటర్ల ఇంజన్‌ను టెంపెస్ట్ లెమాన్స్ అనే మామూలు కారుకు సుమారు 300 డాలర్ల అదనపు ఆప్షన్‌గా జాబితాలో చేర్చి, దానికి జీటీఓ అని ఫెరారీ వాడిన పేరు తగిలించారు. మామూలు కార్బ్యురేటర్‌తో 325 హార్స్‌పవర్, మూడు కార్బ్యురేటర్ల అమరికతో 348 హార్స్‌పవర్ అని ప్రకటించారు. అయిదు వేల కార్లు అమ్ముడుపోతే చాలనుకున్న చోట మొదటి సంవత్సరమే 32,450 అమ్ముడుపోయాయి. అంత అమ్మకం జరిగాక నియమం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మరుసటి సంవత్సరాల్లో మిగతా కంపెనీలూ ఇదే బాట పట్టాయి. వాటిలో నాకు బాగా నచ్చేది 1968 నాటి ప్లిమత్ రోడ్ రన్నర్. జీటీఓ కొనేవారికి హంగులు ఎక్కువై ధర పెరిగిపోతోందని గమనించిన ప్లిమత్, కార్పెట్ తీసేసి రబ్బరు పట్టా పరచి, సాదా బెంచి సీటు వేసి, మిగిలిన డబ్బును 335 హార్స్‌పవర్ ఇంజన్ మీద పెట్టి, మూడు వేల డాలర్ల లోపు ధర నిర్ణయించింది. అలా పైసా పైసా పొదుపు చేసిన కంపెనీయే కార్టూన్ పక్షి పేరు వాడుకునే హక్కు కోసం వార్నర్ బ్రదర్స్‌కు 50,000 డాలర్లు చెల్లించి, ఆ పక్షి కూతలా మోగే హారన్ కూడా బిగించింది.

దృశ్యం: యానిమేషన్. క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతుండగా ఎనిమిది సిలిండర్లు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.

వ్యాఖ్యానం:
ఇక ఆ చప్పుడు సంగతి. కంటికి కనబడకముందే చెవి గుర్తుపట్టే ఆ తడబాటు గురగుర వెనుక కచ్చితమైన లెక్క ఉంది. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగేసరికి ఎనిమిది సిలిండర్లూ ఒక్కోసారి మండుతాయి. ఇంజన్ మొత్తం మీద చూస్తే ప్రతి 90 డిగ్రీలకూ ఒకటి మండుతుంది కనుక అంతా సమంగానే ఉన్నట్టు. కానీ అమెరికన్ వీ8లో క్రాంక్‌షాఫ్ట్‌ను ముందు నుంచి చూస్తే కూడిక గుర్తు ఆకారంలో ఉంటుంది. ఆ అమరిక వల్ల కుదుపు తగ్గుతుంది, దానితోపాటు ఎడమ వరుస సిలిండర్లు, కుడి వరుస సిలిండర్లు సరిగ్గా ఒకదాని తర్వాత ఒకటి మండవు. ఒకే వరుసలో రెండు వెంటవెంటనే మండి, తర్వాత చాలాసేపు ఖాళీ వస్తుంది. ఒక్కో వైపు సైలెన్సర్ గొట్టంలోకి పొగ ఇలా ఎడాపెడా దెబ్బలుగా రావడమే మనం వినే గురగుర. ఎన్నో ఫెరారీ వీ8 ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ చదునుగా ఉండి రెండు వరుసలూ వంతులవారీగా మండుతాయి కాబట్టి వాటి గొంతు సన్నగా, కీచుగా వినిపిస్తుంది.

బలం విషయానికి వస్తే, 1970 నాటి షెవ్రొలే షెవెల్ కారులో బలమైన రకమైన ఎస్ఎస్ 454లో ఎల్ఎస్6 అనే 7.4 లీటర్ల ఇంజన్‌కు 450 హార్స్‌పవర్, సుమారు 678 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఉన్నట్టు ప్రకటించారు. మన రోడ్ల మీద తిరిగే 1.2 లీటర్ల చిన్న కారు ఇచ్చే టార్క్ 110 చుట్టుపక్కల ఉంటుంది. అయితే ఆ రోజుల్లో ఇంజన్‌ను బండిలోంచి బయటపెట్టి, పూర్తి సైలెన్సర్ వంటి భారాలు లేకుండా కొలిచేవారు. 1972 నుంచి బండిలో ఉండే స్థితిలో కొలవడం మొదలయ్యాక కాగితం మీది అంకెలు గణనీయంగా పడిపోయాయి.

ఇన్ని చెప్పి లోపాలు దాచడం న్యాయం కాదు. చాలా మోడళ్ళలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే వచ్చేవి, టైర్లు సన్నవి, ముక్కు బరువు. తిన్నటి రోడ్డు మీద పులి, మలుపులో గేదె.

దృశ్యం: 1973 నాటి నలుపు తెలుపు ఫొటోలు. పెట్రోలు బంకు ముందు బారులు తీరిన కార్లు.

వ్యాఖ్యానం:
ఈ కార్లను చమురు సంక్షోభమే చంపిందని అంటారు కానీ, 1973 అక్టోబరు నాటికే వాటి పని దాదాపు అయిపోయింది. కుర్రవాళ్ళు నడిపే పెద్ద ఇంజన్ కార్లకు బీమా కంపెనీలు ప్రీమియం విపరీతంగా పెంచాయి. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం పొగ మీద కఠిన పరిమితులు పెట్టింది. సీసం లేని పెట్రోలుకు వీలుగా 1971లో జనరల్ మోటర్స్ తన ఇంజన్లలో కంప్రెషన్, అంటే మండే ముందు పెట్రోలు ఆవిరిని సిలిండర్ నొక్కే మోతాదు, తగ్గించింది. 1974లో జీటీఓ పేరు తగిలించుకున్న చిన్న కారుకు మిగిలింది 200 హార్స్‌పవర్. ఆ ఏడాదితో ఆ పేరును పక్కన పెట్టేశారు.

దృశ్యం: ఇంజన్ బ్లాకు ముందు భాగం. టార్చి వెలుగులో గుద్దిన అంకెలు.

వ్యాఖ్యానం:
చౌకగా పుట్టిన ఈ కార్ల ధరలు ఇప్పుడు ఎక్కడున్నాయో చూడండి. 1971లో ప్లిమత్ ‘కుడా’ (బారకుడా) కారు, హెమీ అనే పెద్ద ఇంజన్‌తో, మడిచే కప్పుతో డజనుకు మించి తయారు కాలేదు. వాటిలో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. అదే సంవత్సరపు అదే బాడీ చిన్న ఇంజన్‌తో ఉంటే ఆ ధరలో చిన్న తునక కూడా రాదు. తేడా అంతా ఆనాడు ఆర్డర్ కాగితం మీద ఏ గడిలో టిక్కు పడిందన్న దానిలోనే ఉంది.

అందువల్లనే చిన్న ఇంజన్ కారును పెద్ద ఇంజన్ కారని అమ్మే మోసాలు. ప్లిమత్ మాతృసంస్థ క్రైస్లర్ 1970, 1971లో చేసిన కార్ల గుర్తింపు సంఖ్యలో అయిదో అక్షరం ఇంజన్‌ను సూచిస్తుంది, ఆర్ ఉంటే హెమీ. షెవెల్ సంఖ్యలో 1969 నుంచి 1971 వరకు ఎస్ఎస్ అవునా కాదా తెలిపే గుర్తే లేదు. 1964, 1965 జీటీఓల విషయమూ అంతే, ఎందుకంటే కాగితం ప్రకారం అవి ఇంకా లెమాన్స్‌లే. యాజమాన్యం కన్నుగప్పడానికి ఆడిన ఆటే ఈనాటి కొనుగోలుదారుకు తలనొప్పి అయింది. తెలిసినవాళ్ళు ముందుగా కారు రంగు చూడరు. షెవ్రొలే బ్లాకు ముందు కుడి పక్కనున్న చదునైన చోట టార్చి వేస్తారు. ఫ్యాక్టరీలో ఆ చోటును చదును చేసిన పనిముట్టు వెంట్రుకల్లాంటి సన్నని సమాంతర గీతలు వదిలేది, అది ఏ ఇంజనో తెలిపే అంకెలు వాటి మీద గుద్దేవారు. పాత అంకెలు అరగదీసి కొత్తవి గుద్దితే ఆ గీతలు పోతాయి. మరికొందరు వెనక సీటు పైకి లేపి, ఆ కారును ఏ ఇంజన్‌తో, ఏ హంగులతో కట్టాలో రాసిన ఫ్యాక్టరీ కాగితం స్ప్రింగుల్లో ఇరుక్కుని దొరుకుతుందేమోనని వెతుకుతారు. ఎలుకలు కొరికిన ఆ కాగితం ముక్కకు ఉండే విలువ కొన్నిసార్లు ఇంజన్‌కు ఉండే విలువకు తీసిపోదు.

దృశ్యం: డెట్రాయిట్ శివార్లు, వుడ్‌వర్డ్ అవెన్యూ. ఆగస్టు నెల, రోడ్డు పక్కన మడత కుర్చీల్లో కుటుంబాలు.

వ్యాఖ్యానం:
ఏటా ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైన ఈ వేడుక దారి పక్కన, మిషిగన్‌లో కార్ల కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్ళు కూడా పిల్లలతో వచ్చి నిలబడతారు. మన దేశానికి మస్టాంగ్ అధికారికంగా రావడానికి 2016 దాకా పట్టింది. కుడి చేతి స్టీరింగ్‌తో, అయిదు లీటర్ల వీ8తో వచ్చిన దాని ధర అప్పట్లో సుమారు 65 లక్షల రూపాయలు. అమెరికాలో సామాన్యుడి బలంగా పుట్టినది ఇక్కడ దిగుమతి సుంకాలు మోసుకుని శ్రీమంతుడి ముచ్చటగా దిగింది.

కొత్త తరంలో డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్ 2015లో 707 హార్స్‌పవర్‌ను సుమారు 60 వేల డాలర్లకు ఇచ్చింది. పాత సూత్రానికి అంత నమ్మకంగా నిలబడిన కారు నాకు మరొకటి తోచదు. 2023 డిసెంబరులో ఛాలెంజర్ తయారీ ఆగింది, ఇంచుమించు అదే సమయంలో షెవ్రొలే కమారో కూడా ఆగింది. వీ8 మస్టాంగ్ మాత్రం మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్‌లో ఇంకా తయారవుతోంది. డాడ్జ్ తర్వాత తెచ్చిన విద్యుత్ ఛార్జర్ డేటోనాలో క్రాంక్‌షాఫ్ట్ లేదు, పొగ గొట్టం లేదు. అయినా వెనక భాగంలో ఒక గది కట్టి, స్పీకర్ల ద్వారా అందులోంచి ఆ పాత గురగురను పుట్టించి బయటకు వదులుతున్నారు.