డిశ్చార్జి బుక్కులో ఇల్లాలి పేరు

శ్రోతలకు నమస్కారం.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మిలట్రీ వాళ్లు లేని ఊరు వెతకాలంటే కష్టమే. ఒకరి కొడుకు ఆర్మీలో, ఇంకొకరి అల్లుడు నేవీలో ఉంటారు. కోరుకొండ సైనిక్ స్కూలు ఎలాగూ మన పక్కనే ఉంది. ఇవాళ యుద్ధాల కబుర్లు చెప్పను. రిటైరై వచ్చిన ప్రతి సైనికుడి ఇంట్లో నల్లటి ట్రంకు పెట్టె ఒకటి ఉంటుంది కదా, దాని అడుగున ఉండే చిన్న పుస్తకం గురించి చెబుతాను. డిశ్చార్జి బుక్కు.

అందులో సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, బయటకొచ్చిన తేదీ ఉంటాయి. భార్యాపిల్లల వివరాలూ ఉంటాయి. మనవాళ్లు ర్యాంకు చూసుకుంటారు, మెడల్స్ చూసుకుంటారు. భార్య పేరు రాసిన చోట మాత్రం చూపు ఆగదు. ఆవిడకేమో ఆ పుస్తకం ముట్టుకునే అలవాటే ఉండదు.

చీపురుపల్లి వైపు ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. పేరు చెప్పను, అమ్మవారి పేరు కలిసిన పేరని మాత్రం అనుకోండి. భర్త ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, హవల్దారుగా చేసి వచ్చాడు. ఇంటికొచ్చాక చాలా ఏళ్లు పొలం చేసుకున్నాడు, మనవలను ఎత్తుకున్నాడు, ఒక వానాకాలంలో కాలం చేశాడు. అప్పటికింకా స్పర్శ్ అనే కొత్త ఆన్‌లైన్ పింఛను ఏర్పాటు రాలేదు, పింఛను బ్యాంకు ద్వారానే వచ్చేది. దినకర్మలు అయ్యాక కొడుకు తల్లిని తీసుకుని బ్యాంకుకు వెళ్లాడు. మరణ ధ్రువపత్రం ఇచ్చాడు, ఆధార్ ఇచ్చాడు. కౌంటరులో ఉన్నాయన పీపీఓ, అంటే పింఛను చెల్లింపు ఉత్తర్వు, తీసి చూశాడు, ఆధార్ చూశాడు, రెండూ పక్కపక్కన పెట్టి, "ఇందులో భార్య పేరు చిన్నమ్మలు అని ఉందమ్మా. మీరు ఎవరు?" అన్నాడు.

ఆవిడ నిర్ఘాంతపోయింది. "ఏటి బాబూ, నాను నానే గదా!" అందట.

జరిగింది ఇది. కొత్తగా పెళ్లయిన రోజుల్లో భర్త తన యూనిట్ ఆఫీసుకు వెళ్లాడు. పెళ్లి సంగతి అక్కడ నమోదు చేయించాలి. దాన్ని పార్ట్ టూ ఆర్డర్ అంటారు, సర్వీసులో ఉన్నవాళ్లందరికీ తెలిసిన మాటే. క్లర్కు భార్య పేరు అడిగాడు. ఆ కాలపు మగవాళ్లు భార్యను పేరు పెట్టి పిలిచేవాళ్లా? ఇంట్లో అందరూ ఏమని పిలుస్తారో అదే చెప్పాడు, చిన్నమ్మలు అని. క్లర్కు ఏ ఉత్తరాది రాష్ట్రం వాడో, తన చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. అక్కడి నుంచి ఆ పేరు డిశ్చార్జి బుక్కులోకి, పెన్షన్ కాగితాల్లోకి, పీపీఓలోకి నడిచి వచ్చింది. ఇటు ఊళ్లో రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్ అన్నీ అసలు పేరుతో తయారయ్యాయి. ఒకే ఇల్లాలు కాగితాల మీద ఇద్దరు మనుషులైపోయింది. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ ఇద్దరూ ఎదురుపడలేదు.

నాలుగు నెలలు దాటినా పైసా రాలేదు. ఇంతలో ఊళ్లో తెలివైనవాడొకడు సలహా ఇచ్చాడు: ఆధార్‌లోనే చిన్నమ్మలు అని మార్పించేయండి, పనైపోతుంది అని. దయచేసి ఇలాంటి సలహాలు వినకండి. ఆధార్ మారిస్తే పొలం పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా, ఓటరు కార్డు అన్నిటితో తేడా వస్తుంది. ఒక్క ముడి విప్పబోయి పది ముళ్లు వేసుకున్నట్టు. ఇంకొకడు పెన్ను తీసుకుని బుక్కులోనే పేరు దిద్దబోయాడట. అదృష్టం కొద్దీ కొడుకు ఆపాడు. డిశ్చార్జి బుక్కు మీద చేతిరాత దిద్దుబాటు కనిపిస్తే ఆ పుస్తకాన్నే అనుమానిస్తారు.

చివరికి వాళ్లు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లారు. అక్కడ కూర్చున్నాయన కూడా మాజీ సైనికుడే. బుక్కు అటూ ఇటూ తిప్పి చూసి ఒక్క మాట చెప్పాడు: "దిద్దాల్సింది బుక్కులో కాదు, రికార్డ్స్‌లో." మళ్లీ చెబుతున్నాను, ఈ ప్రసంగంలో ఇదొక్కటి గుర్తున్నా నాకు చాలు. బుక్కులో కాదు, రికార్డ్స్‌లో.

ఎందుకంటే మన చేతిలో ఉన్న బుక్కు నకలు లాంటిదే. అసలు దస్తావేజు ఆ సైనికుడు పనిచేసిన విభాగపు రికార్డ్ ఆఫీసులో ఉంటుంది. ఆర్టిలరీ వాళ్లకు నాసిక్ రోడ్, ఆర్మీ వాహనాలు, యంత్రాలు మరమ్మతు చేసే ఈఎంఈ వాళ్లకు మన సికింద్రాబాద్, సిగ్నల్స్ వాళ్లకు జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్. నావికులకైతే ముంబయి, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ. మన ఊళ్లలో సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్లనూ మిలట్రీ అనే అంటాం గానీ, వాళ్లు హోం శాఖ కిందికి వస్తారు, వాళ్ల దారి వేరు.

రికార్డ్స్ వాళ్లు తమ దగ్గరున్న కాగితాలతో సరిచూసి ఒప్పుకుంటే, పెన్షన్ ఉత్తర్వుకు సవరణ వెలువడుతుంది. దాన్ని కారిజెండం పీపీఓ అంటారు. సైన్యానికి సంబంధించి అది ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ల ప్రధాన కార్యాలయం నుంచి వస్తుంది. ఈ పెద్దావిడ విషయంలో ఉత్తరం వెళ్లింది, రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ వెళ్లింది, తహశీల్దారు ధ్రువపత్రం వెళ్లింది. కానీ అసలు పని చేసింది ఏమిటో తెలుసా? ఆయన రిటైరయ్యేటప్పుడు పెన్షన్ కాగితాలకు అంటించిన భార్యాభర్తల జాయింట్ ఫోటో. పేరు తప్పయినా ముఖం తప్పు కాదు కదా! కారిజెండం వచ్చింది. భర్త పోయిన మర్నాటి నుంచి రావలసిన కుటుంబ పింఛను బకాయిలన్నీ కలిపి ఖాతాలో పడ్డాయి. అప్పటికే ఆవిడ మెడలోని గొలుసు తాకట్టులో ఉంది, అది వేరే సంగతి.

ఇదే దరఖాస్తు ఆ హవల్దారు గారే బతికుండగా పెట్టి ఉంటే? సంతకం ఆయనది, సాక్ష్యం ఆయనది. నా భార్య ఈవిడే అని ఆయన చెబితే దానికి ఉండే బలం వేరు. అందుకే మాజీ సైనికులకు నా మనవి: బాబాయిలూ, ఈ పని మీరుండగా మీరే చేయండి. పిన్నిగారి మీదికి వదిలేయకండి.

ఇంకో చిక్కు పుట్టిన తేదీ. కుటుంబ పింఛను తీసుకునే ఇల్లాలికి 80 ఏళ్లు నిండితే మూల పింఛను మీద అదనంగా 20 శాతం వస్తుంది. 85కి 30, 90కి 40, 95కి 50 శాతం. నూరేళ్లు నిండితే రెట్టింపు. మరి 80 నిండాయని ఎవరు చెప్పాలి? కాగితమే చెప్పాలి. చాలా పాత పీపీఓల్లో భార్య పుట్టిన తేదీ జాగా ఖాళీగా ఉంటుంది, లేదా భర్త ఉజ్జాయింపుగా చెప్పిన ఏడాది ఉంటుంది. ఇటు ఆధార్‌లో చూస్తే మన ఊళ్లలో సగం మంది ముసలమ్మలు జనవరి 1నే పుట్టినట్టు కనిపిస్తారు! నాకు నవ్వొస్తుంది గానీ, లెక్క కట్టేవాడికి రాదు. అందుకని పేరు దిద్దించుకునే దరఖాస్తులోనే భార్య పుట్టిన తేదీ సంగతి కూడా రాయండి. రెండు తప్పులకు రెండుసార్లు తిరగక్కర్లేదు.

సైనికుడి సొంత పుట్టిన తేదీ మాత్రం వేరే కథ. చేరినప్పుడు బడి సర్టిఫికెట్ చూసి రాసుకున్న తేదీ అది. సర్వీసు చివర్లో దాన్ని మార్చమని అడగడం హక్కు కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. దాని మీద ఆశ పెట్టుకుని లాయర్ల చుట్టూ తిరిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. న్యాయమైన తప్పును రికార్డ్స్ వాళ్లు దిద్దకపోతే మనకు చెన్నైలో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. కానీ అంతదాకా వెళ్లే కేసులు కొన్నే.

దరఖాస్తు ఎలా ఉండాలంటే, పైన సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు లేక కోర్ ఉండాలి. నంబరు లేని ఉత్తరం ఎంత బాగా రాసినా అక్కడ ఎవరి ఫైలూ తెరుచుకోదు. తర్వాత రెండే వాక్యాలు: రికార్డులో ఇలా ఉంది, ఇలా ఉండాలి. కష్టాలు రాయకండి, తేడా రాయండి. డిశ్చార్జి బుక్కు, పీపీఓ, ఆధార్, పాన్ జిరాక్సులు, అఫిడవిట్ జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపండి. పేరు పూర్తిగా మారిపోతుంటే పత్రికా ప్రకటన కూడా అడగవచ్చు. ఒరిజినల్ బుక్కు మాత్రం ఎవరూ లిఖితపూర్వకంగా అడగకుండా పోస్టులో పెట్టకండి.

ఇప్పుడు పింఛన్లు స్పర్శ్‌లోకి వచ్చేశాయి కాబట్టి ఇంకొక్క మెట్టు ఉంది. రికార్డ్స్‌లో మారింది కదా అని కూర్చోకండి. స్పర్శ్‌లో మీ ప్రొఫైల్ తెరిపించి, భార్య పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉందో లేదో చూడండి. ఫోను చేతకాకపోతే నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి ఎలాగూ వెళతారు, అప్పుడే అక్కడ కంప్యూటరు ముందున్న కుర్రాడిని, "నాయనా, మీ పిన్ని పేరు కూడా ఒకసారి చదివి వినిపించు" అని అడగండి. సవరణ స్పర్శ్‌లో కనిపించేదాకా పాత జిరాక్సులు, పోస్టు రసీదులు పారేయకండి.

సెలవు, నమస్కారం.