సింప్సన్స్ కుక్క ఆ రేసు గెలిచి ఉంటే ఆ షోనే లేదు!

సూటిగా చెప్తున్నాను, కోపం వస్తే రానివ్వండి. అమెరికన్ కార్టూన్ షో 'ద సింప్సన్స్' ఇన్ని దశాబ్దాలు నిలబడింది తండ్రి హోమర్ వల్ల కాదు, కొడుకు బార్ట్ వల్ల కూడా కాదు. రేసులో ఆఖరున వచ్చిన ఒక గ్రేహౌండ్ జాతి పందెం కుక్క వల్ల! అది గెలిచి ఉంటే ఆ కుటుంబం ఈపాటికి ఎవరికీ గుర్తుండేది కాదు.

ఈ గొడవ ఇప్పుడెందుకంటే, 2024 డిసెంబర్‌లో న్యూజీలాండ్, 2025 ఫిబ్రవరిలో వేల్స్ ప్రభుత్వం గ్రేహౌండ్ రేసులు ఆపేస్తామని ప్రకటించాయి కదా. ఆ చర్చల్లో ఒక వాదన పదేపదే వినిపిస్తోంది. కుక్కల పందేలని ముద్దుగా చూపించి ఇళ్లలోకి తెచ్చింది ఈ కార్టూనే అట! మొదటి ముద్దాయి సింప్సన్సే అట! ఆ మాట అనేవాళ్లు మొదటి ఎపిసోడ్ చూడలేదు. చూసినా అర్థం చేసుకోలేదు. ఆ ఎపిసోడ్ రేసుల మీద వేసిన ఛార్జ్‌షీట్ అండీ!

గ్రేహౌండ్స్ అంటే మనకి ముందు గుర్తొచ్చేది 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన పోలీసు దళం. సరిగ్గా అదే ఏడాది, డిసెంబర్ 17న, అమెరికాలో ఫాక్స్ ఛానల్ ఈ ఎపిసోడ్ వేసింది. నిజానికి ముందు రావాల్సింది వేరే ఎపిసోడ్. దాని యానిమేషన్ సరిగ్గా రాకపోవడంతో ఈ క్రిస్మస్ కథని ముందుకి తెచ్చారు. కథ మీకు తెలిసిందే. హోమర్‌కి బోనస్ రాలేదు. దాచిన డబ్బంతా బార్ట్ చేతి మీద టాటూ తీయించడానికి పోయింది. మాల్‌లో శాంటా వేషం కట్టినందుకు, అన్ని కోతలూ పోను చేతికొచ్చింది 13 డాలర్లు. ఆ 13 డాలర్లూ తీసుకెళ్లి స్ప్రింగ్‌ఫీల్డ్ డౌన్స్ ట్రాక్‌లో శాంటాస్ లిటిల్ హెల్పర్ అనే కుక్క మీద పెట్టాడు. అది ఆఖరున వచ్చింది. పార్కింగ్ దగ్గర యజమాని దాన్ని తన్ని తరిమేశాడు. నువ్వు ఆఖరున రావడం ఇదే ఆఖరు అన్నట్టు అరుస్తాడు, గుర్తుందా? అక్కడ ఆగండి.

అది డైలాగ్ కోసం రాసిన డైలాగ్ కాదు. అమెరికా ట్రాకుల్లో కుక్కలకి గ్రేడ్లుంటాయి: ఎ, బి, సి, డి. ఇంకా ఒక్క రేసూ గెలవని కొత్త కుక్కలకి ఎం. గెలిస్తే ఒక మెట్టు పైకి. వరసగా మూడు రేసుల్లో మొదటి మూడు స్థానాల్లో రాకపోతే, మామూలుగా ఒక మెట్టు కిందికి. డి లో కూడా అలాగే ఓడితే దిగడానికి ఇంక మెట్టు లేదు. దాన్ని 'గ్రేడెడ్ ఆఫ్' అంటారు. ఆ ట్రాక్‌లో ఆ కుక్క పని అయిపోయినట్టే. ఇంకా చిన్న ట్రాక్‌కి పంపుతారు, లేదా బ్రీడింగ్‌కి, లేదా దత్తతకి. ఆ రోజుల్లో చాలా కుక్కలకి ఇవేవీ దొరకలేదు, చంపేసేవాళ్లు. అమెరికాలో ఈ వ్యాపారం జోరుగా నడుస్తున్న రోజుల్లో, క్రిస్మస్ పూట, ప్రైమ్ టైమ్‌లో ఆ తన్ను చూపించారు. ముద్దుగా చూపించడం అంటే ఇదా?

ఇంకోటి, ఆ కుక్క మీద బోర్డు చూపించిన 99-1 రేటు, అంటే గెలిస్తే డాలర్‌కి 99 లాభం. అదేదో కామెడీ కోసం వేశారు అనుకుంటారు అందరూ. కాదు! అమెరికా ట్రాకుల్లో బుకీ రేటు చెప్పడు. అందరి డబ్బూ ఒక పూల్‌లో పడుతుంది, ట్రాక్ తన వాటా తీసుకుంటుంది, మిగిలింది గెలిచిన టికెట్లకి పంచుతారు. ట్రాక్‌లో రేట్లు చూపించే పాత టోట్ బోర్డు మీద రెండంకెలకే చోటు ఉండేది. అందుకే 99 కనిపించిందంటే 99 లేదా ఆ పైన ఎంతైనా కావచ్చు.

లెక్క కట్టి చూద్దాం. విన్ పూల్‌లో, అంటే ఏ కుక్క మొదట వస్తుందో అని కాసిన డబ్బులో, 3,000 డాలర్లు ఉన్నాయనుకోండి. ట్రాక్ 18 శాతం తీసుకుంటే మిగిలేది 2,460. ఆ కుక్క మీద మొత్తం 20 డాలర్లే ఉంటే, డాలర్‌కి 123 వస్తుంది. బోర్డు మాత్రం 99 దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు హోమర్ 13 పెట్టాడు. కుక్క మీద 33 అయింది, పంచాల్సింది దాదాపు 2,471. డాలర్‌కి 75 కూడా రాదు! అంటే తన పందెంతోనే తన రేటు కోసుకున్నాడు. చిన్న ట్రాకుల్లో పేదవాడు ఆఖరి నిమిషంలో బోర్డు చూసి వేసే పందెం ఇలాగే తిరగబడుతుంది. పైగా ఆ కుక్క వేరే కుక్క బదులు చివర్లో దిగింది. దాని పాత రేసుల లెక్క చూసుకునే టైమ్ ఎవరికీ లేదు. హోమర్ పేరు చూసి, అదేదో దైవ సంకేతం అనుకుని డబ్బు పెట్టాడు.

కుక్క ఎందుకు ఓడింది అని ఎవరూ అడగరు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నిజం ట్రాకుల్లో రేసు సగం పాడయ్యేది మొదటి మలుపులోనే. కుక్కల్ని నిలబెట్టిన పెట్టె తలుపు లేవగానే ఎనిమిది కుక్కలు (బ్రిటన్‌లో ఆరు) ఒకే ఎర (మోటారుతో నడిపే బొమ్మ) వెనక పడతాయి, గంటకి 65 కిలోమీటర్లకి దగ్గర్లో వేగం. ఎరని నడిపే మనిషి దాన్ని మరీ ముందుకి తీసుకెళ్తే వెనకున్న కుక్కలకి ఆసక్తి పోతుంది. మరీ దగ్గరగా నడిపితే ముందున్నవి తటపటాయిస్తాయి, వెనకవి వచ్చి వాటి మీద పడతాయి. పరిగెత్తేది ఎప్పుడూ ఎడమ చేతి వైపు తిరుగుతూనే. కాబట్టి మలుపులో భారమంతా కుడి వెనక కాలి మీద పడుతుంది. గ్రేహౌండ్లకి ఎక్కువగా విరిగేది కుడి వెనక కాలి మడమ కీలు దగ్గర ఉండే చిన్న ఎముక, సెంట్రల్ టార్సల్ బోన్. ఇసుక ఒక చోట తడిగా, ఇంకో చోట గట్టిగా ఉన్నా, మలుపు దగ్గర వాలు సరిపోకపోయినా దెబ్బ ఇంకా ఎక్కువ. కాబట్టి ఆఖరున వచ్చిన కుక్క సోమరిది అని అనేయకండి. మలుపులో గుద్దుకోకుండా వెనక్కి తగ్గిన కుక్క కూడా రికార్డులో ఓడిన కుక్కే.

ఇప్పుడు నా సిద్ధాంతం. ఎవరూ పట్టించుకోని విషయం ఇది. అమెరికాలో రిజిస్టర్ అయిన ప్రతి రేసు గ్రేహౌండ్‌కీ చెవుల్లో టాటూ ఉంటుంది. ఎడమ చెవిలో ఈత (ఒకే కాన్పులో పుట్టిన పిల్లల గుంపు) నంబరు. కుడి చెవిలో పుట్టిన నెల, ఏడాది ఆఖరి అంకె, ఆ ఈతలో ఎన్నోదో చెప్పే అక్షరం. 69ఎ అని ఉంటే ఆరో నెల, 9తో ముగిసే ఏడాది, మొదటి పిల్ల అని. ఇప్పుడు ఎపిసోడ్ మళ్లీ గుర్తు తెచ్చుకోండి. టాటూ వేసుకున్న కొడుకు. ఆ టాటూ తీయించడానికే ఇల్లంతా ఖాళీ అయింది. ఆ కొడుకే, పందెం వాళ్లు టాటూ వేసి పారేసిన కుక్కని ఇంటికి తెచ్చుకుందామని నాన్నని బతిమాలాడు! రాసినవాళ్లు ఇది కావాలని పెట్టారనే నేనంటాను. ముందు వద్దన్న హోమర్ కూడా కరిగిపోయింది ఎందుకు? అది కూడా తమలాగే ఓడింది కాబట్టి. గెలిచిన కుక్కకి ఆ ఇంట్లో చోటే లేదు. డబ్బు వచ్చి ఉంటే బొమ్మలు కొని పంచేవాడు, కథ అక్కడితో సరి. ఓడింది కాబట్టే అయిదుగురూ ఒక కుక్క చుట్టూ చేరి కుటుంబం అయ్యారు.

1991లో వచ్చిన ఎపిసోడ్‌లో ఆ కుక్క హోమర్ కొత్త బూట్లు కొరికేస్తుంది, అతని భార్య మార్జ్ వాళ్ల పుట్టింటి బొంత చింపేస్తుంది. బుద్ధిలేని కుక్క అని నవ్వుకున్నారు. రేసు నుంచి వచ్చిన కుక్క అచ్చంగా అలాగే చేస్తుంది! పుట్టినప్పటి నుంచి కెన్నెల్‌లో పదుల కుక్కల మధ్యే పెరిగింది, ఒంటరిగా ఒక్క గంట ఉండలేదు. అమెరికాలో ఉండి ఇలాంటి కుక్కని తెచ్చుకోవాలనుకునే మనవాళ్లు ఇది రాసుకోండి. మొదటి వారం అయిదు నిమిషాలు వదిలి రండి, తర్వాత పది, తర్వాత అరగంట. మెట్లు ఎక్కడం దానికి తెలీదు, ఒక్కో కాలూ పెట్టించి నేర్పాలి. అద్దం తలుపు కనిపించదు, కంటి ఎత్తులో టేపు అంటించండి. మెడ తలకంటే లావు, మామూలు పట్టీ ఊడి వచ్చేస్తుంది, లాగితే బిగుసుకునే మార్టింగేల్ పట్టీయే వాడాలి. కంచె లేని చోట పొరపాటున కూడా వదలొద్దు. ఉడత కనిపిస్తే మీ పిలుపు దానికి వినపడదు. డాక్టర్‌కి గ్రేహౌండ్ అని ముందే చెప్పండి. ఎర్ర రక్తకణాలు ఎక్కువగా, ప్లేట్‌లెట్లు, థైరాయిడ్ తక్కువగా ఉండటం ఈ జాతికి మామూలే, లేని జబ్బుకి మందులు రాసే ప్రమాదం ఉంది. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి మత్తుమందు విషయంలో కూడా జాగ్రత్త. దొరకడం మాత్రం ఇప్పుడు కష్టమే. ఫ్లోరిడా ఓటర్లు 2018లో ఓటేసి 2020 చివరికి ఆపించేశారు, 2022 చివరికి అమెరికా మొత్తంలో వెస్ట్ వర్జీనియాలో రెండు ట్రాకులే మిగిలాయి. దత్తత సంస్థలు ఐర్లండ్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి కుక్కల్ని తెప్పిస్తున్నాయి.

మరి సింప్సన్స్‌కి మచ్చే లేదా అంటే, ఉంది. 1995 ఏప్రిల్ 9 ఎపిసోడ్. అదే కుక్క తనంతట తాను ట్రాక్‌కి పరిగెత్తింది, అక్కడ ఒక ఆడ గ్రేహౌండ్ వెంట పడింది, పాతిక పిల్లలు పుట్టాయి. గ్రేహౌండ్ ఈతలో మామూలుగా పుట్టేది ఆరో ఎనిమిదో, అది వదిలేద్దాం. చివర ఏమైంది? ఆ పిల్లలు ఛాంపియన్ రేసు కుక్కలయ్యాయి, హోమర్ పనిచేసే కంపెనీ యజమాని బర్న్స్ వాటితో కోట్లు సంపాదించాడు, హోమర్ కుమిలిపోయాడు. తండ్రిని తన్ని తరిమేసిన ట్రాక్‌లోనే పిల్లల్ని పరిగెత్తించి దాన్ని విజయం అన్నారు! అయిదేళ్ల కింద తాము వేసిన ఛార్జ్‌షీట్‌ని తామే చించేశారు. ముద్దాయి అనాలంటే ఈ ఒక్క ఎపిసోడ్‌ని అనండి, ఒప్పుకుంటా. దీన్ని వెనకేసుకొచ్చే ఫ్యాన్స్ కింద కామెంట్లలో జవాబు రాయండి: ఆ పాతిక పిల్లలు పరిగెత్తిన రేసుల్లో ఆఖరున వచ్చిన కుక్కలన్నీ ఏమయ్యాయి, షో ఎక్కడ చూపించింది?