పక్కన కూర్చుని రాసినవారు

అందరికీ నమస్కారం. ఇప్పుడే 'అమేడియస్' చూశారు కాబట్టి కథ చెప్పను. యూరప్ సంగీతకర్త మొజార్ట్ మీద మిలోష్ ఫోర్మన్ 1984లో తీసిన సినిమా, ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. నన్ను మాట్లాడమన్నది ఈ మధ్య పోయిన మన మిత్రుడి గురించి. చెన్నైలో, వడపళని రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ వాయించి, మ్యూజిక్ డైరెక్టర్ల పక్కన కూర్చుని నొటేషన్ రాసిన మనిషి.

ఈ సినిమాలో మొజార్ట్ వెకిలి నవ్వు ఆయనకి చిరాకు. మంచం సీను వస్తే మాత్రం పక్కవాళ్లను గుసగుసలాడనిచ్చేవారు కాదు. చావుబతుకుల్లో ఉన్న మొజార్ట్ పడుకుని తన 'రెక్వియమ్', అంటే పోయినవాళ్ల కోసం పాడే ప్రార్థన సంగీతం, చెబుతుంటాడు, తోటి సంగీతకర్త సాలియేరి రాస్తుంటాడు. ముందు గొంతులు, తర్వాత ట్రాంబోన్లు, ఆపైన వయొలిన్లు. ఒక్కో వరుసా విడిగా వినిపించి, చివర్లో అన్నీ కలిపి వినిపిస్తారు. అంత వేగం అందుకోలేక సాలియేరి మొత్తుకుంటుంటే మనవాడు పడీపడీ నవ్వేవారు. రోజూ ఆయన పడే టెన్షన్ అదే మరి!

నిజానికి ఆ రాత్రి అలా జరగలేదు. 1791 డిసెంబరు 5న వియన్నాలో మొజార్ట్ పోయాడు. మీరు విన్న ఆ భాగానికి అతను రాసి ఉంచింది గొంతుల వరుసలు, కింది బేస్, అక్కడక్కడా వయొలిన్. మిగతాది నింపింది జ్యూస్‌మయర్ అనే పాతికేళ్ల కుర్రాడు. పని పూర్తయితేనే మిగిలిన డబ్బు వస్తుందని మొజార్ట్ భార్య అతనికి అప్పగించింది. సినిమా అతని పనిని సాలియేరి చేతికిచ్చింది. పాపం, సాలియేరి బీథోవెన్‌కీ, షూబర్ట్‌కీ, మొజార్ట్ చిన్న కొడుక్కీ పాఠం చెప్పిన గురువు. ఆయన్నేమో అసూయపరుణ్ణి చేశారు.

మన మిత్రుడూ జ్యూస్‌మయర్ జాతే. మ్యూజిక్ డైరెక్టర్ కూనిరాగం తీస్తే స్వరం పట్టుకుని, వయొలిన్లకి ఏమివ్వాలో, ఫ్లూట్ ఎక్కడ ఆగాలో తేల్చేవారు. సరిగమలు చదివేవాళ్లకి సరిగమల్లో, స్టాఫ్, అంటే పాశ్చాత్యుల ఐదు గీతల నొటేషన్, చదివేవాళ్లకి స్టాఫ్‌లో రాసి పంచేవారు. క్యాసెట్ మీద ఆయన పేరుండేది కాదు. ఉండబట్టలేక ఓసారి అడిగాను. "ట్యూన్ ఆయనది. నా కాల్‌షీట్ డబ్బులు నాకిచ్చారుగా" అన్నారు. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. జ్యూస్‌మయర్ 1800లో పబ్లిషర్‌కి ఉత్తరం రాసి, రెక్వియమ్‌లో సాంక్టుస్ అనే భాగం నుంచి ఫలానా భాగాలు నేనే కట్టానని చెప్పుకున్నాడు. మంచి పని చేశాడు.

ఆ రికార్డింగుల్లో వాయించినవాళ్లు ఈ హాల్లో కొందరు కనిపిస్తున్నారు. వెళ్లేముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. ఏయే పాటలకి ఆయన రాశారో గుర్తున్నంతవరకు చెప్పండి, నోట్‌బుక్ తెచ్చాను, రాసుకుంటాను.