బీర, కాకర పాదులకు పండు ఈగ ట్రాప్: కొనాలా, వద్దా?

నమస్తే అండీ. ఈ బీర పిందె చూడండి. వేలెడంత ఉంది. తొడిమ దగ్గర పచ్చగానే ఉంది కానీ కొస పసుపు తిరిగి వంకర పోయింది. కెమెరా దగ్గరికి తెస్తాను, ఆగండి... ఇదిగో, సూదితో గుచ్చినట్టు చిన్న చుక్క, పక్కనే బంకలా కారి ఎండిపోయిన మరక. కోస్తున్నా. లోపల తెల్లటి పురుగులు కదులుతున్నాయి కదా? ఇది పండు ఈగ పని. పరాగసంపర్కం జరగని పిందె కూడా ఇలాగే పసుపు తిరిగి రాలిపోతుంది, కానీ దాని మీద గాటు ఉండదు, లోపల పురుగు ఉండదు. ముందు కోసి చూడండి, తర్వాతే మందుల సంగతి.

ఇక ట్రాప్. అడుగున పారదర్శకంగా ఉన్న డబ్బా, పైన పసుపు మూత, లోపల ఎర మందులో నానబెట్టిన చెక్కముక్క. అన్ని షాపుల్లోనూ ‘ఫ్రూట్ ఫ్లై ట్రాప్’ అనే అమ్ముతారు. ఆ పేరు చూసి కొనకండి, లోపల ఎర ఏదో చదవండి. మిథైల్ యూజినాల్ అని ఉంటే అది మామిడి, జామ చెట్లకు వచ్చే ఈగల కోసం. బీర, కాకర, సొర, పొట్ల, దోస పాదులకు కావాల్సింది క్యూ లూర్ అనే ఎర. తప్పు ఎర పెడితే డబ్బా నిండా ఈగలు పడతాయి, మనం సంబరపడతాం, పిందెలు మాత్రం కుళ్లుతూనే ఉంటాయి. సీసాలో తులసి ఆకులు నలిపి పెట్టే చిట్కా కూడా అంతే. తులసిలో ఉన్నది మిథైల్ యూజినాలే, అందుకే మామిడి ఈగలు వస్తాయి.

మరి క్యూ లూర్ పెడితే సరిపోతుందా? సరిపోదండి. దానికి వచ్చేవి మగ ఈగలే. గుడ్లు పెట్టేది ఆడ ఈగ. ఎకరాల తోటలో చాలా ట్రాపులు పెడితే మగవి తగ్గి సంతతి తగ్గుతుంది. మన పెరడు రెండు మూడు పందిళ్లే కదా! పక్కింటి పాదు మీద జత కట్టిన ఆడ ఈగ గోడ దాటి వచ్చేస్తుంది. అందుకే నేను ట్రాప్‌తో పాటు, పువ్వు వాడి పిందె కట్టగానే పాత చీర గుడ్డతో కుట్టిన సంచి తొడుగుతాను. నిజం చెప్పాలంటే కాయను ఎక్కువగా కాపాడేది ఆ సంచే.

రాలిన పిందెలను కంపోస్టులో వేయొద్దు. లోపలి పురుగు మట్టిలోకి దిగి ప్యూపాగా, అంటే గూడు దశలోకి మారి, మళ్లీ ఈగై వస్తుంది. కవర్లో వేసి గట్టిగా ముడి కట్టి, కొన్నాళ్లు ఎండలో పడేయండి.

ఈ ట్రాప్‌కు పదికి ఆరు మార్కులు ఇస్తాను. వేలాడదీసే తీగ మరీ సన్నం, గాలివానకు వంగిపోతోంది. పెరట్లో వంగ, బెండ మాత్రమే ఉన్నవాళ్లకు ఇది దండగ. వంగ కాయను తొలిచేది వేరే రెక్కల పురుగు పిల్ల, ఆ రెక్కల పురుగుకు ఎర కూడా వేరే. పాదులున్నవాళ్లు మాత్రం కొనొచ్చు. మనిషి ఛాతీ ఎత్తులో, నీడ పట్టున కట్టండి. చెక్కముక్కను ఉత్త చేత్తో ముట్టుకోకండి. వాసన తగ్గాక డబ్బా పారేయక్కర్లేదు, ఎర చెక్క విడిగా దొరుకుతుంది.